విమానం ప్లగ్గులకు జీడినూనె

ఆ రోజుల్లో మా వైపు ఆడపిల్ల ఉద్యోగం చేస్తోందంటే చుట్టాలకు తట్టే ఉద్యోగాలు టీచరు, నర్సు, బ్యాంకు, మహా అయితే సచివాలయం. (ఆ రోజులంటే తాతల నాటి కాలం అనుకునేరు. అందరి చేతుల్లో సెల్‌ఫోన్లు ఉన్న కాలమే. ఫోన్లు మారినంత తొందరగా చుట్టాలు మారరు.) నేను చిన్న విమానాల ఇంజన్లు బాగుచేసే చదువు చదివి విశాఖలో ఓ చిన్న కంపెనీలో చేరానని తెలిసి, నందిగాంలో మా ఇంటికి వచ్చిన ప్రతివాళ్ళూ నన్ను ఎగాదిగా చూసి, "ఎయిర్ హోస్టెసా?" అని అడిగేవారు. కాదు, మెకానిక్కునని చెబితే ముఖాలు వాడిపోయేవి. "మరేటి సేత్తావే అక్కడ?" అనేవారు. వాళ్ళకు అర్థమయ్యేలా చెబుదామని, "ప్లగ్గులు చూస్తాను, మారుస్తాను" అన్నాను ఒకసారి. అదే నేను చేసిన తెలివితక్కువ పని. "పలగ్గులా! మన బోల్టు బావ కూడా మారుత్తాడు కదేటి. దానికి అంత సదువెందుకే గుంటా?" అని మా వీధి వీధంతా నోళ్ళు నొక్కుకుంది. బోల్టు బావ అంటే మా దూరపు చుట్టం, పలాస వెళ్ళే రోడ్డు మీద బైకులు బాగుచేసే షాపు అతనిది. ఆ రోజు నుంచి పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో నేను ప్లగ్గుల గుంటనైపోయాను. (గుంటంటే మా వైపు పిల్ల.)

ఒళ్ళు మండేది. ఇప్పుడు చెబుతున్నా మండుతోంది. ప్లగ్గంటే ఏమిటో వాళ్ళకు తెలియక కాదు. ఇంజన్ లోపల పెట్రోలును అంటించే నిప్పురవ్వ దాని కొనన పుడుతుందని మా ఊళ్ళో పిల్లాడికి కూడా తెలుసు. బైకుకు అది పోతే రోడ్డు పక్కన ఆపి, నాలుగు తిట్లు తిట్టి, తోసుకుంటూ ఇంటికి పోవచ్చు. ఆకాశంలో రోడ్డు పక్కన ఆపడం కుదరదు కదండీ! అందుకే విమానం ఇంజన్లో ఒక్కో సిలిండరుకు రెండేసి ప్లగ్గులుంటాయి. రెండింటికీ వేరువేరు కరెంటు, వేరువేరు స్విచ్చులు. ఒక వరస మొరాయిస్తే రెండో వరస మిమ్మల్ని నేలకు దింపుతుంది. ఆ ప్లగ్గు ఏ రకమో ఎంచాలి, కొన దగ్గర ఖాళీ ఎంతుందో గేజి పెట్టి చూడాలి, కింద కొత్త వాషరు వెయ్యాలి, మరలకు పేస్టు రాయాలి, ఎంత బలంతో బిగించాలో అంతే బలంతో బిగించాలి. చెయ్యి జారి కిందపడిందా, పైకి ఎంత బాగున్నట్టు కనిపించినా పారెయ్యాల్సిందే, లోపలి పింగాణీ చిట్లి ఉండొచ్చు. ఇదంతా చెబుదామని నోరు తెరిచేలోపు అడిగినవాళ్ళు కాఫీ తాగేసి లేచి వెళ్ళిపోయేవారు.

మా చుట్టాలందరిలోనూ నన్ను నెత్తిన పెట్టుకున్నది ఒక్క మా మావయ్య. అమ్మకు అన్నగారు. ఉద్దానంలో జీడితోట, కొబ్బరితోట ఉన్న మనిషి. మా వైపు చాలామందికి ఉన్నట్టే ఆయనకూ కిడ్నీలు పాడయ్యాయి. రోజు విడిచి రోజు పలాస వెళ్ళి డయాలసిస్ చేయించుకునేవాడు. అక్కడ మంచం మీద పడుకుని పక్క మంచాల వాళ్ళందరికీ, "మా మేనకోడలు సెయ్యేత్తేగానీ ఇమానం నెగదు" అని చెప్పేవాడట. నర్సులు నమ్మారో లేదో కానీ, ఆయన మాత్రం నమ్మాడు. నమ్మి ఊరుకుంటే బాగుండేది.

ఇలా ఉండగా సంతబొమ్మాళి అవతల, ఉప్పుమడుల పక్కన, సముద్రం ఒడ్డున ఏదో ఉత్సవం పెట్టారు. జనాన్ని ఎక్కించుకుని ఒక చుట్టు తిప్పి దింపడానికి మా కంపెనీ నుంచి ఇద్దరు కూర్చునే, అద్దాలూ తలుపులూ లేని చిన్న విమానాన్ని లారీలో తెప్పించారు. ఉత్సవం పెట్టినవారు ఆ చుట్టుపక్కల పెద్ద కమతం, అంతకంటే పెద్ద రాజకీయం ఉన్న పెదబాబు గారు. విమానం నడిపేది హైదరాబాదు నుంచి వచ్చిన కెప్టెన్ గారు. ఇంజన్ చూసుకునేది నేను. నా పైవాళ్ళెవరూ తోడు లేకుండా నన్ను ఒంటరిగా పంపడం అదే మొదలు. ఇంజన్ బాగుందని నేను అంటేనే అది లేవాలి, బాగోలేదంటే ఆగాలి. ఆ మాట బయల్దేరే ముందు మా పెద్ద మెకానిక్ నాకు మరీ మరీ చెప్పి పంపాడు. ప్లగ్గులు మార్చే గడువు కూడా అప్పుడే వచ్చింది కాబట్టి నాలుగు సిలిండర్లకు కొత్త ప్లగ్గులు ఎనిమిదీ వెంట తెచ్చుకున్నాను.

ఉప్పుమడుల దగ్గర ఇసుక, ఉప్పు కలిసి మొహాన కొడుతుంటాయి. అక్కడ ప్లగ్గులు విప్పి చూడటం బాగుండదని, పాతవి తీసి రంధ్రాలకు మూతలు బిగించి, కొత్తవీ పాతవీ అన్నీ పట్టుకుని సాయంత్రానికి దగ్గర్లోనే ఉన్న మావయ్య ఇంటికి వెళ్ళాను. బస అక్కడే. కెప్టెన్ గారిని కూడా భోజనానికి పిలిచారు. వసారాలో తెల్ల గుడ్డ పరిచి, ఒక్కో ప్లగ్గుకూ గేజి పెట్టి చూసి వరసగా పేర్చాను. మావయ్య పక్కన గొంతుక్కూర్చుని, గుళ్ళో పూజారి అలంకారం చూస్తున్నట్టు చూశాడు. "ముట్టుకోకు మావయ్యా" అన్నాను. "నానెందుకు ముట్టుకుంటానే" అన్నాడు. ఈలోగా అత్త వండిన చేపల పులుసు తిన్న కెప్టెన్ గారు వేళ్ళు నాక్కుంటూ, "రేపు పొద్దున్న మొదటి సవారీ మీదేనండీ, పెదబాబు గారి రిబ్బను కటింగు తరవాత" అని మాట ఇచ్చేశారు. మావయ్య లేచి పెరట్లోకి వెళ్ళి చాలాసేపటికి వచ్చాడు. ఉత్సవం ఆ ఒక్క రోజే. ఆ మర్నాడు ఆయనకు పలాసలో డయాలసిస్, విమానానికి లారీ ప్రయాణం. తోటను ఒక్కసారి పైనుంచి చూడాలని ఆయనకు ఎప్పటినుంచో ఉందని అత్త నాకు వంటింట్లో చెప్పింది.

పొద్దున్నే వెళ్ళి ప్లగ్గులు బిగించాను. మరలు అద్దాల్లా మెరుస్తున్నాయి. మా కంపెనీ మంచి సరుకే ఇచ్చిందే అని మెచ్చుకున్నాను కూడా. (ఎందుకు మెరుస్తున్నాయని ఆలోచించలేదా అని అడక్కండి. కొత్త సామాను మెరుస్తుందనే ఎవరైనా అనుకుంటారు.) ఈలోపు జనం తిరునాళ్ళలా చేరారు. రిబ్బను కట్టయింది, కొబ్బరికాయ కొట్టారు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. మావయ్య ఇస్త్రీ పంచె, తెల్ల చొక్కా వేసుకుని, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని వెనక సీట్లో బెల్టుతో బిగుసుకుని కూర్చున్నాడు. కెప్టెన్ గారు ఇంజన్ స్టార్టు చేసి, వేడెక్కనిచ్చి, వేగం పెంచారు. ఎగిరే ముందు ఒక పరీక్ష ఉంటుంది. ఒక స్విచ్చు ఆపి రెండో వరస ప్లగ్గుల మీదే నడిపి చూస్తారు, తరవాత ఇటుది ఆపి అటుది. ఎడమ వరస మీద ఇంజన్ నిమ్మళంగా నడిచింది. కుడి వరస మీదకు మార్చగానే ముసలాయన పొడి దగ్గులా దగ్గడం మొదలెట్టింది. విమానం మొత్తం గజగజ వణికింది. నేను రెండు చేతులూ ఎత్తి అడ్డంగా ఊపాను. ఇంజన్ ఆగింది.

పెదబాబు గారు గొడుగు కింద నుంచి వచ్చి, "ఏటమ్మా, ఆపీసినావు? బాగానే తిరుగుతాంది కదా!" అన్నారు. ఒక వరస పనిచెయ్యడం లేదండీ అన్నాను. "రెండో వరస పనిసేత్తంది కదా? రెండెందుకు పెట్టినారు మరి, ఒకటి పోతే ఇంకోటి ఉంటాదనే కదా?" అన్నారు. చుట్టూ ఉన్నవాళ్ళు ఔనౌనని తలలూపారు. నాకు తల ప్రాణం తోకకొచ్చింది. ఆ రెండోది గాల్లో ఉండగా మొదటిది పోతే నేలకు చేర్చడానికి. నేల మీదే మొదటిది పోయాక రెండోదాని మీద బయల్దేరితే, గాల్లో అదీ పోతే ఇంకేది ఉంది? ఈ మాట నేను ఎన్ని రకాలుగా చెప్పానో! కెప్టెన్ గారు నాకు వత్తాసు పలుకుతారనుకుంటే ఆయన తాపీగా కిందికి దిగి, "అమ్మాయి ఎలా అంటే అలానండీ" అని మా మావయ్య తోటలోంచి తెచ్చిన కొబ్బరిబొండాం ఒకటి అందుకుని నీడన కూర్చున్నారు. ఒప్పుకుంటాను, ఆయన అన్నది న్యాయమే. కానీ ఆ న్యాయం చెప్పాక కాసేపు నా పక్కన నిలబడితే ఆయన సొమ్మేం పోయేది! పెదబాబు గారి మనుషులందరూ నామీదే పడ్డారు. "ఆడగుంట కదా, బయపడతంది" అన్నాడొకడు. నా చేతిలో ఉన్నది చిన్న స్పానరు కాబట్టి బతికిపోయాడు.

మావయ్య మాత్రం సీట్లోంచి కదల్లేదు. దిగమన్నాను. "దిగను" అన్నాడు. ఇంజన్ బాగోలేదు మావయ్యా అన్నాను. "నువ్వు బాగుసేసీ. నానిక్కడే కూకుంటాను" అన్నాడు. ఆ విమానానికి ఇంజన్ వెనక, సరిగ్గా ఆయన తలకు పైనే ఉంటుంది. ఆయన తల మీదుగా వంగి, చల్లారాక కుడి వరసలో ఒక ప్లగ్గు విప్పాను. కొనంతా నల్లగా, జిగటగా మాడిపోయి ఉంది. ఇప్పుడే పెట్టిన కొత్త ప్లగ్గు! ముక్కు దగ్గర పెట్టుకున్నాను. గుప్పున జీడిపిక్కల బట్టీ వాసన. పలాసలో దిగినవాళ్ళెవరైనా కళ్ళు మూసుకుని చెప్పగల వాసన అది. నా వేలు చివర అప్పటికే చురుక్కుమంటోంది. మావయ్య వైపు చూశాను. ఆయన సముద్రం వైపు చూస్తున్నాడు.

"మావయ్యా, రాత్రి ప్లగ్గులు ముట్టుకున్నావా?"

"ముట్టుకోనేదు." హెడ్‌ఫోన్లు సర్దుకుని, "నూనె రాసినాను" అన్నాడు.

"ఏం నూనె?"

"ఏ నూనేటే! జీడినూనే. ఉప్పుగాలికి తుప్పు పట్టీద్ది కదా అని సన్నగా పూసి, నా తువ్వాలుతోటి సుబ్బరంగా తుడిసీసినాను. మన తలుపులకి రాత్నేదా? బండికి రాత్నేదా? పడవల అడుక్కి రాత్తే సముద్దరం మీద ఏళ్ళకేళ్ళు ఎల్తన్నాయి, నీ ఇమానం గాలి మీద ఎల్నేదేటి?"

వినండి, అదీ వరస. మా ఉద్దానంలో ఏ వస్తువు చెడకుండా ఉండాలన్నా జీడిపిక్కల పెంకు నుంచి తీసే ఆ నూనె రాయడం అలవాటు. చెదలు పట్టకూడదంటే అదే, తడి దిగకూడదంటే అదే. చెక్కకు అమృతం, ఒప్పుకుంటాను. చేతికి తగిలితే తోలు ఊడుతుంది, వేడి తగిలితే కాలి మసయి అట్ట కడుతుంది. ఆ మసి ప్లగ్గు కొనన పట్టిందంటే కరెంటు రవ్వగా దూకకుండా ఆ మసి మీదుగా పక్కదారి పట్టి జారిపోతుంది. రవ్వ లేదు, మంట లేదు, దగ్గు మాత్రమే. అన్నిటికీ రాశావా అని అడిగాను. "నేదే. సగం అయినాయి, మీ అత్త బువ్వకి పిల్సీసినాది" అన్నాడు బాధగా. అంటే మిగతావాటికి రాయలేకపోయినందుకు బాధ! పేర్చిన వరసలోనే తీసి బిగించాను కాబట్టి, ఆ రాసిన సగమూ కుడి వరసకే పోయాయి. జనంలోంచి అత్త, "నాను పిలవకపోతే అన్నిటికీ రాసీసును, నాకేటి తెలుసు, తెలిత్తే ముందే పిలుద్దును!" అని నెత్తి కొట్టుకుంది. అంతకంటే ఘోరం ఏమిటంటే, అక్కడ చేరిన సగం మంది మావయ్య పక్షం. "జీడినూనె మంచిదే కదా, దాని వల్ల ఏటవుద్ది?" అని ఒకరు, "పాత నూనె అయ్యుంటాది, కొత్తదైతే ఏటీ అవదు" అని ఇంకొకరు. నేను చదివిన చదువంతా ఆ ఇసకలో పోసినట్టయింది.

సరే, నిన్న విప్పిన పాత ప్లగ్గులున్నాయి కదా, వాటితో ఒక రోజు నడవదా అని ఇంటికి మనిషిని పరుగెత్తించాను. అవి వచ్చాయి, తళతళలాడుతూ. మసిగా ఉన్నాయని అత్త పొద్దున్నే కొబ్బరిపీచు, ఇటుకపొడి పెట్టి ఇత్తడి చెంబులతో పాటు తోమేసింది. కొనలన్నీ వంకర్లు పోయాయి. "ఇంటికొచ్చిన సామాను అలగ మురికిగా ఎలగ పంపుతామే?" అంది. ఆ ఎనిమిదీ గుడ్డలో మూటకట్టి పక్కన పడేశాను. 

అప్పుడు వచ్చాడు బోల్టు బావ. ఎవరు ఫోను చేశారో, చొక్కా జేబు నిండా ప్లగ్గులు వేసుకుని బైకు మీద దిగి, నా చేతిలోది లాక్కుని చూసి, "ఓస్ ఇదా! ఇది మన బైకు పలగ్గే కదే!" అని ఊరందరికీ వినబడేలా నవ్వాడు. నిజానికి అతని జేబులోంచి తీసింది అచ్చం దానికి కవల పిల్లలాగే ఉంది. అదే పొడవు, అదే మరలు, అదే కంపెనీ. పక్కన ముద్రించిన అక్షరాల మధ్య ఒక్క అంకె తేడా. నేను అక్కర్లేదన్నాను. "ఒక్క అంకెకే ఇంత రుబాబేటే?" అన్నాడు. ఆ అంకె ప్లగ్గు ఎంత వేడిని ఓర్చుకుంటుందో చెప్పే అంకె. "బావా, జీడిపిక్క తక్కువ వేగితే ఏమవుతుంది?" అని అడిగాను. "పెంకు ఇడదు" అన్నాడు. "ఎక్కువ వేగితే?" "పప్పు మాడిపోద్ది." ప్లగ్గు కొన కూడా అంతే బావా, మరీ చల్లగా ఉంటే మసి పట్టి ఆగిపోతుంది, మరీ వేడెక్కితే నిప్పుకణికై, రవ్వ పుట్టకముందే పెట్రోలును అంటించి ఇంజన్ను లోపల్నుంచి కాల్చేస్తుంది అన్నాను. బైకు ఎంతసేపూ ఒక్క ఊపున పోదు, సంతలో ఆగుతుంది, గేదె అడ్డొస్తే ఆగుతుంది. ఇది లేచింది మొదలు దిగేదాకా బరువు మోస్తూనే ఉంటుంది. అతను బుర్ర గోక్కుని, "నిజమే గానీ, ఒక్క చుట్టేనంట కదా?" అన్నాడు. ఒక్క చుట్టట! కిందపడటానికి ఎన్ని చుట్లు కావాలో!

చివరికి విశాఖలో మా కంపెనీకి ఫోను చేసి ఉన్న సంగతి చెప్పాను. (జీడినూనె సంగతి చెప్పినప్పుడు అవతల మా పెద్ద మెకానిక్ గొంతులోంచి గురగుర వినిపించింది. దగ్గుతున్నాడేమో అనుకున్నాను, నవ్వుతున్నాడని తరవాత తెలిసింది.) కంపెనీ మనిషి ఒకడు కొత్త ప్లగ్గులు తీసుకుని దొరికిన రైలెక్కాడు. నేను బోల్టు బావ బైకెక్కి పలాస స్టేషనుకు పోయాను. దారి పొడుగునా బావ, "నానిచ్చినవి పెట్టుంటే ఈపాటికి నాలుగు చుట్లు అయిపోను" అని సణుగుతూనే ఉన్నాడు. రైలు ఆలస్యం. ప్లాట్‌ఫారం మీద అటూ ఇటూ తిరుగుతుంటే నాకు ఒకటే దిగులు. ఎగరడానికి అనుమతి పొద్దు వాలేదాకానే. ఆ లోపల పని అవకపోతే మావయ్యకు ఇంకో రోజు లేదు. ఆయన చేసిన పనికి ఆయన్ను పట్టుకుని కడిగిపారెయ్యాలని ఉంది, ఆయన ఎగరకుండా దిగిపోతాడేమోనని ఏడుపూ వస్తోంది. రెండూ ఒకేసారి రావడంతో, వేరుశనక్కాయలు అమ్మే ఆయన మీద ఊరికే కేకలేశాను.

తిరిగి వచ్చేసరికి మధ్యాహ్నం జారిపోయింది. మావయ్య ఇంకా సీట్లోనే ఉన్నాడు. ఎండకు తలమీద తాటాకు గొడుగు ఒకటి కట్టారు. మొహం వడలిపోయింది. ఆయన లెక్కగా ఇన్ని గుక్కలే నీళ్ళు తాగాలి, కొబ్బరినీళ్ళయితే అసలు ముట్టకూడదు. తోటంతా కొబ్బరిచెట్లు ఉన్న మనిషి ఎదురుగా ఆయన బొండాలే జనమంతా తాగుతుంటే పెదాలు తడుపుకుంటూ కూర్చున్నాడు. నన్ను చూడగానే, "దొరికినాయేటే?" అన్నాడు. దొరికాయన్నాను, మొహం ముటముటలాడిస్తూనే. ఈసారి ప్లగ్గుల పెట్టె నా ఒళ్ళోనే పెట్టుకుని ఒక్కొక్కటే తీశాను. చుట్టూ మూగిన జనాన్ని దూరంగా తోలాను. కుడి వరస, ఎడమ వరస, ఎందుకైనా మంచిదని ఎనిమిదీ మార్చేశాను. జీడినూనె అంటిన రంధ్రాల మరలన్నీ తుడిచి, లైటు వేసి చూసి, గేజి పెట్టి, పేస్టు రాసి, బిగింపు బలం కొలిచే టార్క్ రెంచి 'టిక్' అనేదాకా బిగించాను. తాటాకు గొడుగు విప్పించి, ఇంజన్ స్టార్టు చేసి ఎడమ వరస మీద చూశాం, కుడి వరస మీద చూశాం. రెండూ నిమ్మళం. కెప్టెన్ గారు నావైపు చూశారు. నేను బొటనవేలు ఎత్తాను.

పొద్దు వాలబోతోంది. ఇక ఒక్క సవారీకే వెలుగుంది. పెదబాబు గారు పొద్దున్నుంచి తన సవారీకి ఎదురుచూస్తున్నారు, వారి మనుషులు పూలదండ కూడా తెచ్చి ఉంచారు. ఇక మావయ్యను దింపేస్తారనుకున్నాను. దింపితే పెదబాబని చూడకుండా తగువేసుకోవడానికి నడుం బిగించాను కూడా. పెదబాబు గారు విమానం దగ్గరకు వచ్చారు, ఇంజన్ చూశారు, నన్ను చూశారు, పొద్దున్నుంచి నేను ఇచ్చిన ఉపన్యాసాలన్నీ గుర్తొచ్చినట్టున్నాయి. "పాపం, పెద్దాయన పొద్దుటి నుంచి కూకున్నాడు. ఆయన్నే తిప్పండి. నాకు ఎలాగూ బీపీ ఉంది" అన్నారు. జనం చప్పట్లు కొట్టారు, ఎంత మంచి మనసని మెచ్చుకున్నారు. నాకు మాత్రం ఒళ్ళు భగ్గుమంది. నేను బిగించిన ప్లగ్గుల మీద ఆయనకు నమ్మకం లేదన్నమాట! ప్లగ్గు పాడైనప్పుడు ఎగరనిమ్మని గోల చేసిన మనిషి, బాగుచేశాక బీపీ అంటాడా!

మావయ్యకు ఆ బెంగేమీ లేదు. బెల్టు బిగించుకుని, "పద కెప్టెనూ" అన్నాడు. విమానం ఇసక లేపుకుంటూ పరుగెత్తి, ఉప్పుమడుల చివర నేలను వదిలింది. జనం ఈలలు, కేకలు. ఫోన్లన్నీ పైకి లేచాయి. అత్త కొంగుతో మొహం కప్పేసుకుని కళ్ళు గట్టిగా మూసుకుంది. విమానం సముద్రం మీదకు వెళ్ళి, వంపు తిరిగి, కొబ్బరితోటల మీదుగా పోయి, మళ్ళీ వచ్చింది. నేను తల వంచుకుని ఇసక చూస్తూ నిలబడ్డాను. ఇంజన్ను కళ్ళతో చూస్తే ఏం తెలుస్తుంది, వినాలి. ఎక్కడైనా దగ్గుతుందా, ఎక్కడైనా తడబడుతుందా అని, చెవులు తప్ప నాలో ఇంకేమీ పనిచెయ్యలేదు. దగ్గలేదు. దిగేదాకా ఒక్కసారీ దగ్గలేదు.

మావయ్య దిగి, పంచె సర్దుకుని, తన చుట్టూ మూగినవాళ్ళకు గట్టిగా చెప్పిన మొదటి మాట ఏమిటో తెలుసా? "సూసినారా, ఎంత సాపీగా ఎల్లిందో! ఎంత తుడిసినా నోపల నా జీడినూనె కొద్దిగా మిగిలే ఉంటాది." నాకు ఏడవాలో కొట్టాలో తెలియలేదు. పలాస డయాలసిస్ వార్డులో కూడా అదే చెప్పాడట, పైగా జీడినూనె రాయమని కంపెనీకి ఉత్తరం రాయమని నన్ను వేధించాడు. జనం పలచబడ్డాక మాత్రం నా దగ్గరకు వచ్చి మెల్లగా, "తోటకేసి సూద్దామనుకున్నాను గానీ, ముందు నిన్నే ఎతికినానే. అందరూ పైకి సూసినారు, నువ్వొక్కదానివే సూడ్నేదు. కోపం ఇంకా తగ్గనేదేటి?" అన్నాడు. వింటున్నాను మావయ్యా అన్నాను. "ఏటి ఇన్నావు?" అన్నాడు. "నువ్వు ఎగరడం" అన్నాను. ఆయన తలూపాడు, అర్థమైందో లేదో నాకు తెలియదు.

మావయ్య ఇప్పుడు లేడు. ఆ తరవాత ఆయనకు మళ్ళీ విమానం ఎక్కే వీలు రాలేదు. మొన్న వెళ్ళినప్పుడు అత్త, "మీ మావ పైకి నెగిసినప్పుడు ఎలగున్నాడే? నాను బయ్యానికి కళ్ళు మూసుకున్నాను" అని అడిగింది. నా దగ్గర చెప్పడానికి ఇంజన్ చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆ రోజు తీసిన వీడియోల కోసం ఊరంతా వెతికిస్తే చివరకు ఒకటి దొరికింది. తీసినవాడు ఎవడో గానీ వాడికి చేతులు నిలవవు. విమానం కనపడేది రెప్పపాటు, మిగతాదంతా పెదబాబు గారి గొడుగు, ఒక మూల నేను. చేతిలో స్పానరుతో, మెడ విరిగినదానిలా తల వాల్చి, ఇసకలో ఏదో పారేసుకున్నట్టు నిలబడి ఉన్నాను. నెత్తి మీద నుంచి మా మావయ్య వెళుతున్నాడు, చప్పుడు వినిపిస్తూనే ఉంది, ఇంజన్ ఎంత చక్కగా నడుస్తోందో ఇప్పుడు ఫోనులో విన్నా తెలుస్తోంది. చూసిన ప్రతిసారీ ఆ పిల్ల మీద ఒళ్ళు మండిపోతుంది, నవ్వూ వస్తుంది. ఫోనులోకి దూరి, దాని భుజాలు పట్టుకుని ఊపెయ్యాలనిపిస్తుంది. ఒసేయ్, బాగానే బిగించావు, తెలుసులే, ఒక్కసారి తలెత్తి చూడవే!